తేలిక పని అంటే చీపురేనా?

ప్రమాదం జరిగిన రోజు అందరూ వస్తారు. యూనియన్ వాళ్లు, సంఘం వాళ్లు, ఊరి సర్పంచ్, వీలైతే ఎమ్మెల్యే మనిషి. ఆసుపత్రి గేటు ముందు ధర్నా ఉంటుంది. నష్టపరిహారం ఎంత అనే మాట నడుస్తుంది. మూడో రోజుకి జనం పలచబడతారు. మూడో నెలకి కట్టు విప్పుతారు. ఆ తర్వాత ఆ మనిషి ఏం పని చేసుకుని బతుకుతున్నాడని అడిగేవాళ్లు, ఇంట్లోవాళ్లు తప్ప ఎవరూ మిగలరు.

2025 జూన్ 30న పాశమైలారంలో పేలుడు జరిగినప్పుడు నలభై మందికి పైగా కార్మికులు చనిపోయారు. రోజుల తరబడి మనం ఆ సంఖ్యనే లెక్కపెట్టుకున్నాం. చనిపోయినవాళ్లను లెక్కపెట్టాల్సిందే. కానీ కాలిన చేతులతో, చెదిరిన చెవులతో బయటపడ్డవాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకి ముప్పై ఏళ్లు, పాతికేళ్లు. ఇంకో ముప్పై ఏళ్లు పని చేసి బతకాల్సినవాళ్లు. వాళ్ల కోసం మన దగ్గర ఒక్క నినాదం కూడా లేదు. "పరిహారం ఇవ్వాలి" అనేది ఉంది. "పని ఇప్పించాలి" అనేది లేదు.

ఈ వరసలో ఇప్పటిదాకా హాస్టళ్ల గురించి, ఫెలోషిప్‌ల గురించి, క్లాసురూముల గురించి రాశాను. ఇవాళ ఫ్యాక్టరీ గేటు గురించి రాస్తాను. గాయపడిన కార్మికులకు కొత్త చోట, కొత్త యజమాని దగ్గర పని వెతికే పని మేం కొందరం కొన్నాళ్లుగా చేస్తున్నాం. నేను, ఇద్దరు లా విద్యార్థులు, ఎంఎస్‌డబ్ల్యూ చేసిన ఒక అమ్మాయి, జీడిమెట్లలో ఇరవై ఏళ్లు లేత్ మీద పని చేసిన ఒక పెద్దన్న. ఇది సంస్థ కాదు. బోర్డు లేదు, బ్యానర్ లేదు. ఆదివారాలు, సెలవులు, బస్ చార్జీలు, అంతే.

మొదలైంది మా ఇంట్లోనే. మా చిన్నమ్మ కొడుకు. అతన్ని అడిగి, ఒప్పుకున్నాకే రాస్తున్నాను. అతని పేరు రాయను, కంపెనీ పేరూ రాయను.

జీడిమెట్లలో ఒక ప్రెస్ షాపులో పదకొండేళ్లు పని చేశాడు. పవర్ ప్రెస్ ఆపరేటర్. రేకు పెట్టడం, పెడల్ తొక్కడం, ముక్క తీయడం. రోజుకి కొన్ని వేలసార్లు. ప్రెస్‌కి ఉండాల్సిన గార్డు ఉంటే ముక్కలు తక్కువ పడతాయని సూపర్‌వైజర్ దాన్ని తీయించేవాడు. ఒక రాత్రి షిఫ్టులో డై కింద కుడి చేతి మూడు వేళ్లు పోయాయి. బొటనవేలు, చిటికెనవేలు మిగిలాయి. వయసు 34.

చికిత్స ఈఎస్ఐలో అయింది. గాయం మానింది. ఫిట్‌నెస్ కాగితం పట్టుకుని పాత కంపెనీకే పోయాడు. వాళ్లు వెళ్లగొట్టలేదు. చాలా మర్యాదగా మాట్లాడారు. "నీకు మెషీన్ పని కాదు గదా, తేలిక పని ఇస్తం" అన్నారు. మరునాడు పొద్దున చేతికి చీపురు ఇచ్చారు. షాప్ ఫ్లోరు ఊడ్వాలి, బాత్రూములు కడగాలి.

అదే షాపులో అంతకు రెండేళ్ల ముందు ఇంకొకరికి బొటనవేలు పోయింది. ఆయన మేనేజర్ వాళ్ల ఊరివాడు, వాళ్ల కులంవాడే. ఆయనకీ తేలిక పనే ఇచ్చారు. స్టోరులో కుర్చీ, టేబుల్, రిజిస్టర్.

చట్టం లెక్క ప్రకారం ఈ రెండు గాయాలూ సమానం. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం మొదటి షెడ్యూల్‌లో ఒక పట్టిక ఉంది. ఏ అవయవం పోతే సంపాదించే శక్తిలో ఎంత శాతం పోయినట్టో అందులో రాసి ఉంటుంది. బొటనవేలు పూర్తిగా పోతే 30. ఒక చేతి మూడు వేళ్లు పోతే 30. నాలుగు వేళ్లూ పోతే 50. రెండు చేతులూ పోతే 100. చట్టానికి ఇద్దరూ ముప్పై శాతమే. కంపెనీ మాత్రం ఒకరికి రిజిస్టర్, ఇంకొకరికి చీపురు కొలిచి ఇచ్చింది. ఆ కొలత ఏ షెడ్యూల్‌లో ఉందో నేను చెప్పక్కర్లేదు.

తమ్ముడు రెండు రోజులు చూశాడు. మూడో రోజు పోలేదు. చిన్నమ్మ ఏడ్చింది. "జీతం అదే ఇస్తమంటున్నరు గదరా, ఊడిస్తే ఏమైతది" అన్నది. వాడు నాకు ఫోన్ చేసి ఒకటే మాటన్నాడు. "అక్కా, వేళ్లు పోయినయ్ గని పనితనం పోలే. తాత వదిలిపెట్టొచ్చిన పనికి నన్ను మళ్ల తోలుతున్నరు."

ఊడ్చే పనిని నేను తక్కువ చేయడం లేదు. ఆ పని చేస్తున్న అక్కలు, అన్నలు లేకపోతే ఈ నగరం ఒక్కరోజు నిలబడదు. ఇక్కడ నా ప్రశ్న ఒక్కటే. పదకొండేళ్ల ప్రెస్ ఆపరేటర్‌కి, మైక్రోమీటర్ చదవడం వచ్చినవాడికి, డై మార్చడం వచ్చినవాడికి, చెయ్యి దెబ్బతినగానే చీపురే ఎందుకు గుర్తుకొచ్చింది? గాయం అతన్ని నైపుణ్యం లేనివాడిగా చేయలేదు. కులం ఒక సందు కోసం చూస్తూ ఉంది. గాయం ఆ సందు ఇచ్చింది.

ఇది కొత్త సంగతి కాదు. బొంబాయి బట్టల మిల్లుల్లో నేత విభాగంలో కూలి ఎక్కువ. అందులోకి దళితులను రానిచ్చేవాళ్లు కాదు. దారం తెగితే నోటితో తడిపి అందుకోవాలి, అంటుకుంటుందని మిగతావాళ్ల అభ్యంతరం. 1928 సమ్మెలో అంబేద్కర్ ఈ ప్రశ్న లేవనెత్తారు. కార్మికులందరి ఐక్యత అంటున్నారు, మరి నేత విభాగం తలుపు మాకెందుకు మూసి ఉంది అని. తొంభై ఏళ్లు దాటినా ప్రశ్న అక్కడే ఉంది. ఫ్యాక్టరీలోకి రానిచ్చారు. లోపల ఏ విభాగంలో నిలబెడతారనేదే అసలు కథ. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆ గీత కనిపించకపోవచ్చు. దెబ్బ తగిలాక స్పష్టంగా కనిపిస్తుంది.

ఇప్పుడు శాతాల సంగతి. విద్యార్థి మిత్రులు ఇది జాగ్రత్తగా చదవండి, చాలామంది ఇక్కడే తికమకపడతారు.

తమ్ముడు ఈఎస్ఐ కింద ఉన్నాడు. ఈఎస్ఐలో ఉన్నవాళ్లకి 1923 చట్టం కింద విడిగా పరిహారం రాదు. మెడికల్ బోర్డు ముందు నిలబడాలి, సంపాదన శక్తి ఎంత పోయిందో వాళ్లు తేలుస్తారు, దాన్నిబట్టి జీవితాంతం నెలనెలా భత్యం వస్తుంది. సుమారుగా లెక్క ఇలా ఉంటుంది. నెల జీతం 12,000 అనుకోండి. రోజుకి 400. అందులో 90 శాతం 360. దానిలో 30 శాతం 108. నెలకి 3,240.

ఈఎస్ఐ లేనివాళ్లకి వేరే లెక్క. నెల జీతంలో 60 శాతం తీసుకుని, వయసుని బట్టి ఉన్న గుణకంతో హెచ్చిస్తారు. 35 ఏళ్లకి ఆ గుణకం 197.06. జీతం 12,000 అయితే 7,200ని 197.06తో హెచ్చించాలి. 14,18,832 వస్తుంది. అది పూర్తి వైకల్యానికి. 30 శాతం అంటే దాదాపు 4,25,650. ఈ లెక్క ఏ కార్మికుడి ఇంట్లోనైనా కాగితం మీద వేసి చూపించండి. "యాభై వేలు తీసుకుని సంతకం పెట్టు" అని వచ్చే కాంట్రాక్టర్ ముందు ఆ కాగితం ఉండాలి. 2025 నవంబర్ 21 నుంచి ఈ రెండు చట్టాలూ సామాజిక భద్రతా కోడ్‌లో కలిశాయి. కాబట్టి కొత్త కేసుల్లో కోడ్ పాఠం కూడా చూసుకోవాలి.

సరే, 3,240 వచ్చింది. దాంతో ఇల్లు నడవదు. మరి వికలాంగుల పింఛన్? తెలంగాణలో అది 4,016, ఆంధ్రలో 6,000. దానికి సదరం సర్టిఫికెట్‌లో కనీసం 40 శాతం ఉండాలి. తమ్ముడికి అంత రాలేదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది. దానికీ 40 శాతం ఉండాలి. అంటే ప్రభుత్వం దృష్టిలో వాడు చాలినంత వికలాంగుడు కాదు. గేటు దగ్గర యజమాని దృష్టిలో చాలినంత ఆరోగ్యవంతుడు కాదు. ఈ రెండింటి మధ్య ఇరుక్కున్నవాళ్లు మన బస్తీల్లో ఎంతమందో చుట్టూ చూడండి. రెండు వేళ్లు పోయినవాళ్లు, ఒక చెవి పోయినవాళ్లు, నడుము విరిగి అతికినవాళ్లు.

శరీరంలో ఎంత పోయిందన్నది ఒక కొలత. పనిలో ఎంత పోయిందన్నది ఇంకో కొలత. సుప్రీంకోర్టు ఈ తేడాని 1975లోనే గుర్తించింది. ఒక వడ్రంగి పని చేస్తూ పడిపోయాడు, ఎడమ చెయ్యి మోచేతి పైనుంచి తీసేశారు. ఇది పాక్షిక వైకల్యమే గదా అని యజమాని వాదించాడు. ఒక్క చేత్తో వడ్రంగం చేయలేడు కాబట్టి అతనికి ఇది పూర్తి వైకల్యమే అని తీర్పు వచ్చింది. మంచి తీర్పు. మనం కేసుల్లో దీన్ని వాడుకోవాలి. అయితే పరిహారం దగ్గర "ఈ పని ఇక చేయలేడు" అని మనమే గట్టిగా వాదిస్తాం. ఆ తర్వాత కొత్త గేటు దగ్గర "ఈ మనిషి పని చేయగలడు" అని మనమే చెప్పాలి. ఇవి రెండూ అబద్ధాలు కావు. పాత పని చేయలేడు, వేరే పని చేయగలడు. ఈ రెండు వాక్యాలనూ పక్కపక్కన పెట్టి మాట్లాడటం కార్యకర్త నేర్చుకోవాలి.

ప్రభుత్వ ఉద్యోగి అయితే ఈ బాధే లేదు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే తీసెయ్యకూడదు, హోదా తగ్గించకూడదు, ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పని ఇవ్వాలి అని 2016 చట్టం 20వ సెక్షన్ చెప్తుంది. 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు, రంగులు సరిగా గుర్తించలేడని తీసేసిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవర్‌కి తగిన వేరే ఉద్యోగం ఇవ్వాలని ఆదేశించింది. సింగరేణిలో అనారోగ్యంతో పని చేయలేనని తేలిన కార్మికుడి వారసుడికి ఉద్యోగం ఇచ్చే పద్ధతి ఉంది. అది దయతో వచ్చింది కాదు, కార్మికులు పోరాడి నిలబెట్టుకున్నది. ఆ బొగ్గులోనే పని చేసే కాంట్రాక్టు కార్మికుడికి ఆ హక్కు లేదు. ప్రైవేటు ప్రెస్ షాపులో పని చేసే మా తమ్ముడికి అసలే లేదు. పర్మినెంట్ ఉద్యోగుల్లో మనవాళ్లు ఎంతమంది, కాంట్రాక్టులో ఎంతమంది అన్నది మీకు తెలుసు. అందుకే మనవాళ్లకి కొత్త యజమానిని వెతకడం తప్ప దారి ఉండదు.

కొత్త చోటికి పోవడానికి అడ్డం పడేవి భయాలు. రెండు వైపులా ఉంటాయి.

కార్మికుడి మొదటి భయం, కొత్త ఉద్యోగంలో చేరితే ఈఎస్ఐ భత్యం ఆగిపోతుందని. ఆగదు. శాశ్వత వైకల్య భత్యం జీవితాంతం వస్తుంది, వేరే చోట పని చేస్తున్నా వస్తుంది. ఆగేది చికిత్స కాలంలో ఇచ్చే తాత్కాలిక భత్యం మాత్రమే. ఆ తాత్కాలిక భత్యం తీసుకుంటున్నన్నాళ్లూ యజమాని ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదు కూడా. పాత ఈఎస్ఐ నంబరే కొత్త కంపెనీలోనూ నడుస్తుంది. ఈ ఒక్క ముక్క తెలియక ఇంట్లో కూర్చున్నవాళ్లను చూశాను. భార్య నాలుగిళ్లలో పని చేసి ఇల్లు నడుపుతుంటే, ఉన్న భత్యం పోతుందేమోనని ఈయన కదలడు.

యజమాని భయం, మళ్లీ ఏమైనా అయితే పాత గాయానికి కూడా తన మీదే పడుతుందని. పడదు. పాత గాయం పాత లెక్కలో తేలిపోయింది. కొత్త యజమాని బాధ్యత తన దగ్గర జరిగేదానికే, అదీ ఈఎస్ఐ ఉంటే ఈఎస్ఐ చూసుకుంటుంది. పైగా వికలాంగులకి ఈఎస్ఐ జీతం పరిమితి 25,000, మిగతావాళ్లకి 21,000. వైకల్యం ఉన్నవాళ్లని ఉద్యోగంలో పెట్టుకుంటే పీఎఫ్, ఈఎస్ఐలలో యజమాని వాటాని కొన్నేళ్లు కేంద్రమే భరించే పథకం 2008లోనే వచ్చింది. మేం కలిసిన యజమానుల్లో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు.

మాకొక పద్ధతి ఏర్పడింది. చెప్తాను, మీ ఊళ్లో మీకు తగ్గట్టు మార్చుకోండి.

మొదట ఆ మనిషి పక్కన కూర్చుని ఒక కాగితం రాస్తాం. ఏం పోయిందో రాయం. అది డిశ్చార్జి షీట్‌లో ఉంటుంది. ఏం వచ్చో రాస్తాం. తమ్ముడి కాగితంలో ఇవి ఉన్నాయి: రేకు మందం చేత్తో తడిమి చెప్పగలడు. డ్రాయింగ్ చదవగలడు. మైక్రోమీటర్, వెర్నియర్ వాడగలడు. తప్పు ముక్కని చూపుతోనే ఏరగలడు. హిందీ వచ్చు. లోడు లెక్క నోటితో కట్టగలడు. రాసుకుంటూ పోతే పేజీ నిండింది. చదివి వినిపిస్తే తమ్ముడు చాలాసేపు మాట్లాడలేదు. "ఇదంత నాకే వచ్చా" అన్నాడు.

ఆ కాగితం చూసి మా లేత్ పెద్దన్న తేల్చాడు. క్వాలిటీ చెకింగ్, స్టోరు, డిస్పాచ్. ఈ మూడింటికీ అనుభవం ఉంది. అడ్డం ఒక్కటే, రాయడం. కుడిచేత్తో పెన్ను నిలవదు.

ఇక్కడే నా చదువు పనికొచ్చింది. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసి నేను చేసిన అత్యంత ఉపయోగకరమైన పని, నాలుగు గీతల కాపీ పుస్తకం కొని ముప్పై నాలుగేళ్ల మనిషికి ఎడమచేత్తో మళ్లీ అ ఆ దిద్దించడం. తెలుగు అక్షరం గుండ్రన. ఎడమచేతికి సున్నా చుట్టడం తిరగబడుతుంది. పెన్ను ముందుకి పోతుంటే చెయ్యి అక్షరం మీదుగా పోయి సిరా అలుకుతుంది. కాగితాన్ని కుడివైపు వంచి పెట్టుకుంటే కొంత కుదిరింది. రోజూ రాత్రి అన్నం తిన్నాక గంట. పక్కన వాడి కూతురు, రెండో తరగతి, తన హోంవర్కు తాను రాసుకుంటూ "నాన్నా, నీ ళ మంచిగ రాలే" అనేది. నాలుగు నెలలకి అంకెలు, ఇంగ్లీషు పెద్దక్షరాలు, తెలుగులో సంతకం కుదిరాయి. రిజిస్టర్‌కి అంత చాలు.

మన భాషలో ఒక సంగతి ఉంది. "చెయ్యి" అంటే అవయవం, "చెయ్యి" అంటే పని చెయ్యమనడం కూడా. తమిళంలో ఆ రెంటికీ వేరువేరు మాటలు, కై, సెయ్. తెలుగులో రెండూ ఒకేలా పలుకుతాం. బహుశా అందుకే చెయ్యి పోయినవాణ్ణి చూడగానే మనవాళ్లకి చేత పోయిందనే అనిపిస్తుంది. "చేతగానివాడు" అనే మాట నోట్లో సిద్ధంగా ఉంటుంది. ఆ మాటని విడదీయడమే మేం గేటు గేటుకీ తిరిగి చేసిన పని.

గేట్ల దగ్గర ఏం జరిగిందో రాస్తే చాలా అవుతుంది. ఎక్కువ చోట్ల వాచ్‌మన్ దగ్గరే ఆగిపోయాం. ఒక చోట ఐదు వందల నోటు తీసి ఇచ్చారు. మేం అడుక్కోవడానికి వచ్చామనుకున్నారు. తమ్ముడు ఆ నోటుని టేబుల్ మీద పెట్టి, "సార్, పనడగవచ్చినం" అన్నాడు. ఒక చోట మేనేజర్ చాలా బాగా మాట్లాడి, చివర్లో ఇంటిపేరు అడిగాడు, ఊరు అడిగాడు, ఊళ్లో ఇల్లు ఎటువైపు అని అడిగాడు. అక్కడితో సంభాషణ చల్లారింది. గాయం దాటినా గేటు దాటలేదు.

చివరికి పని ఇచ్చింది అట్టపెట్టెలు తయారుచేసే ఒక చిన్న యూనిట్. యజమాని ఆదర్శవాదేమీ కాదు. ఆయనకి డిస్పాచ్ దగ్గర లెక్క తేడాలొస్తున్నాయి, నమ్మకమైన మనిషి కావాలి. మేం జాలి కథ చెప్పలేదు. ఆ కాగితం ఇచ్చాం. "వారం రోజులు పెట్టుకుని చూడండి, వారానికీ కూలి ఇవ్వండి, నచ్చకపోతే మేమే తీసుకుపోతాం" అన్నాం. ఉచితంగా ట్రయల్ చేయడానికి మేం ఎప్పుడూ ఒప్పుకోం. ఉచితంగా చేయించుకుని పొమ్మన్న చోట్లు ఉన్నాయి. రెండు షరతులు ముందే చెప్పాం. అదే పని చేసే మిగతావాళ్ల కూలి ఎంతో ఇతనికీ అంతే. ఊడ్చే పని, కడిగే పని ఇతని పనిలో కలపకూడదు. రెండో షరతు విని ఆయన ముఖం కొంచెం చిట్లించాడు. కానీ ఒప్పుకున్నాడు.

వారంలో ఒక చిన్న ఇబ్బంది వచ్చింది. కట్టలకి ప్లాస్టిక్ పట్టీ బిగించి సీల్ చేయడానికి రెండు చేతులూ గట్టిగా పట్టాలి. పెద్దన్న వెళ్లి టేబుల్ అంచుకి ఒక బిగింపు కొట్టాడు. ఒక ఇనుప ముక్క, రెండు బోల్టులు. పట్టీ ఒక కొస దాంట్లో పెడితే ఒక చేత్తోనే లాగొచ్చు. పాత ఇనుము దుకాణంలో వంద రూపాయలు కూడా కాలేదు. ఇప్పుడు రెండు చేతులూ బాగున్నవాళ్లు కూడా ఆ బిగింపే వాడుతున్నారట, పని తొందరగా అవుతుందని. వైకల్యం మనిషిలోనే ఉంటుందా, టేబుల్‌లో కూడా ఉంటుందా అనే చర్చ పుస్తకాల్లో చాలా చదివాను. ఆ రెండు బోల్టులంత స్పష్టంగా నాకెవరూ చెప్పలేదు.

తమ్ముడు ఇప్పటికీ అక్కడే ఉన్నాడు.

అందరికీ ఇలా కాలేదు. పాశమైలారం వైపు ఒక కెమికల్ యూనిట్‌లో ఆవిరి కొట్టి ముఖం, మెడ కాలిన ఒక అక్క ఉంది. మెదక్ జిల్లా. ఆమె చేతులకి ఏమీ కాలేదు. ప్యాకింగ్ పని పూర్తిగా చేయగలదు. అయినా "పక్కవాళ్లు భయపడతరు" అన్నారు ఒక చోట. "బయ్యర్లు విజిట్‌కొస్తరు" అన్నారు ఇంకో చోట. ఆ మాటలు విన్నప్పుడు, మనల్ని చూస్తేనే మైల అనే పాత నియమం వేరే వేషంలో నా ముందు నిలబడ్డట్టు అనిపించింది. చివరికి ఒక హాస్టల్ వంటగదిలో పని దొరికింది. ఆమె అడిగింది ఫ్యాక్టరీ పని, ఈఎస్ఐ, పీఎఫ్ ఉన్న పని. దాన్ని మేం ఇప్పించలేకపోయాం. వెతుకుతూనే ఉన్నాం.

సెంట్రింగ్ పని చేస్తూ మూడో అంతస్తు నుంచి పడ్డ ఒక అన్న ఉన్నాడు. పాలమూరు వైపు మాల అన్న. వెన్నెముక అతికింది, మనిషి నడుస్తాడు, పైకి ఏమీ కనపడదు. బరువు ఎత్తలేడు, గంటకి మించి నిలబడలేడు. లేబర్ అడ్డాలో నిలబడితే "దొంగవేషాలు" అంటారు. మేస్త్రీ నోటిమాట తప్ప ఎక్కడ పని చేశాడో చెప్పే ఒక్క కాగితం లేదు. కనపడని గాయం ఉన్నవాడికి పని వెతకడం అన్నిటికంటే కష్టం. అతనికి సెక్యూరిటీ గార్డు పని వచ్చింది. పన్నెండు గంటలు నిలబడే పని. నెల తిరగకుండా మానేశాడు. గాయపడ్డవాడు అనగానే వాచ్‌మన్ పనే అని అందరూ అంటారు. ఏ గాయానికి ఏ పని అని ఎవరూ ఆలోచించరు. ఇప్పుడతను ఒక జిరాక్స్ షాపులో కూర్చుని చేసే పని నేర్చుకుంటున్నాడు.

1942 నుంచి 1946 దాకా అంబేద్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక శాఖ చూశారు. మన ఉపన్యాసాల్లో ఎనిమిది గంటల పని గురించి చెప్తాం. ఇంకొకటి కూడా చెప్పాలి. యుద్ధం ముగుస్తున్నప్పుడు, 1945లో, అదే కార్మిక శాఖ కింద ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీల వ్యవస్థ మొదలైంది. సైన్యం నుంచి తిరిగొచ్చేవాళ్లకి, యుద్ధ పరిశ్రమల్లోంచి బయటికొచ్చేవాళ్లకి మళ్లీ పని చూపించే బాధ్యత రాజ్యానిదే అని. పని పోయినవాడికి పని చూపించడం దానం కాదు, ప్రభుత్వ బాధ్యత అనే ఆలోచన దాని వెనక ఉంది. హైదరాబాద్ విద్యానగర్‌లో వికలాంగుల కోసం కేంద్ర కార్మిక శాఖ నడిపే పునరావాస కేంద్రం ఉంది. ఏ పని చేయగలరో పరీక్షించి చెప్తారు, శిక్షణ ఇస్తారు, డబ్బులు తీసుకోరు. ఇలాంటి చోట్లకి మన బస్తీ నుంచి పోయేవాళ్లు చాలా తక్కువ, ఎందుకంటే అవి ఉన్నాయని వాళ్లకి ఎవరూ చెప్పరు. చెప్పాల్సింది మనం.

అందుకే ఇది చదువుతున్న విద్యార్థులకి, కార్యకర్తలకి కొన్ని మాటలు.

ధర్నా రోజున ఫొటో దిగండి, తప్పులేదు. మూడో నెలలో ఒకసారి ఆ ఇంటికి పోయి రండి. తేదీ ఇప్పుడే ఫోన్‌లో పెట్టుకోండి.

పరిహారం తేలేదాకా రాజీనామా మీద గానీ, ఫుల్ అండ్ ఫైనల్ అని రాసి ఉన్న ఏ కాగితం మీద గానీ సంతకం పెట్టనివ్వకండి. జీతం చీటీలు, ఈఎస్ఐ నంబరు, డిశ్చార్జి షీట్, హాజరు చూపించే ఏ ఆధారమైనా ఫొటో తీసి దాచండి. కొత్త ఉద్యోగానికి కూడా ఆ అనుభవం కాగితాలే కావాలి.

లా విద్యార్థులు లెక్క కాగితం వేసివ్వండి. ఇంజినీరింగ్ విద్యార్థులు ఆ మనిషి పని చేసే టేబుల్ చూసి రండి, రెండు బోల్టులు ఎక్కడ కొట్టాలో మీకు తెలుస్తుంది. తెలుగు విద్యార్థులు, మీరు ఎందుకూ పనికిరామని అనుకోకండి, రాయడం నేర్పండి, దరఖాస్తు రాసివ్వండి.

యజమాని దగ్గర కార్మికుడి తరఫున మీరు మాట్లాడకండి. పక్కన కూర్చోండి. అతనే మాట్లాడాలి. రేపు ఆ షాపులో ఉండేది అతను, మీరు కాదు. అతను ఏ పని వద్దంటున్నాడో అది కూడా వినండి. "దొరికిందే మహాభాగ్యం" అనే మాట మన నోటి నుంచి రాకూడదు. ఆ మాట మన తాతలకి చాలా కాలం చెప్పారు.

దండ వేసి, ఉద్యోగపత్రం ఇస్తూ ఫొటో తీసి పెట్టుకుందామనే యజమానులుంటారు. వద్దని చెప్పండి. పని ఇచ్చినవాడూ పని చేసేవాడూ ఒకరికొకరు అవసరపడ్డారు, అంతే. నెల చివర జీతం బ్యాంకులో పడిందా, చీటీ మీద ఈఎస్ఐ నంబరు ఉందా, అవి చూడండి.

తమ్ముడు పని చేస్తున్న చోట పోయిన నెల ఇంకో ఖాళీ ఉందని తనే ఫోన్ చేశాడు. గమ్ మెషీన్ దగ్గర కాదు, కౌంటింగ్ దగ్గర. కూర్చుని చేసే పని. "అక్కా, నడుం దెబ్బతిన్న అన్న ఉన్నడన్నవ్ గదా, తోలియ్యి" అన్నాడు. ఈ ఆదివారం ఇద్దరం కలిసి ఆ అన్న కాగితం రాస్తున్నాం. ఏం వచ్చో రాయడం మొదలుపెట్టాం. సెంట్రింగ్ కొలతలు నోటికొచ్చు, కూలీల హాజరు పట్టీ పదేళ్లు తనే రాశాడు. పేజీ నిండుతోంది.

జై భీం.